పిచ్చుక ఎందుకు తగ్గింది, పావురం ఎందుకు పెరిగింది?

ఏటా మార్చి 20 దగ్గర పడుతుంటే పత్రికల్లోనూ ఫోన్లలోనూ ఒకే మాట తిరుగుతుంది: పిచ్చుకలు అంతరించిపోయాయి, సెల్ టవర్లే వాటిని చంపేశాయి. ప్రపంచ పిచ్చుకల దినోత్సవం 2010లో మొదలైనప్పటి నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాం. చెప్పేవారి బాధ నిజమైనదే. చూరులో, దూలం సందులో, గోడకు వేలాడే పటం వెనుక గడ్డిపరకలు పేర్చుకున్న పిట్ట ఇప్పుడు అపార్ట్‌మెంటు కిటికీలో కనిపించకపోతే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. అయితే ఆ మాటలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి లెక్క: పిచ్చుకలు లేవన్నది. రెండోది కారణం: టవర్లన్నది. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే మన పెరట్లో నిజంగా ఏం జరుగుతోందో తెలియదు. పైగా పిచ్చుక మీదే చూపు నిలిపి, అంతకంటే పెద్ద ఆపదలో పడిన పాలపిట్ట లాంటి పక్షులను పట్టించుకోకుండా వదిలేస్తాం. నా దిగులంతా అక్కడే.

ముందు లెక్క సంగతి. మన దేశంలో ఏ పక్షి పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అని అంచనా వేసిన అతిపెద్ద ప్రయత్నం ‘భారత పక్షుల స్థితి’ నివేదిక. 2020లో 867 జాతులతో, 2023లో 942 జాతులతో అది వెలువడింది. రెండోసారి దానికి ఆధారం 30 వేల మందికి పైగా నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలు. వీరిలో చాలామంది శాస్త్రవేత్తలు కారు. ఉద్యోగానికి వెళ్లే ముందు చెరువు గట్టు మీద కాసేపు ఆగేవారు, మేడ మీద బట్టలు ఆరేస్తూ తల ఎత్తి చూసేవారు, కాలేజీ పిల్లలు, రిటైరైన పెద్దలు. పిచ్చుక గురించి 2020 నివేదిక చెప్పిన సంగతి చాలామందిని ఆశ్చర్యపరిచింది. దేశం మొత్తం మీద చూస్తే పాతికేళ్లకు పైగా దాని సంఖ్య ఇంచుమించు నిలకడగానే ఉంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, కోల్‌కతా, ఢిల్లీ నగరాల్లో మాత్రం క్రమంగా తగ్గుతోంది.

కాబట్టి నగరంలో పిచ్చుక తగ్గిందన్న మాట నిజం. దేశంలోనే లేకుండా పోయిందన్నది నిజం కాదు. పల్లెలో పుట్టి పెరిగి, చదువుకో ఉద్యోగానికో నగరం చేరినవారి అనుభవంలో ఈ రెండూ కలిసిపోతాయి. వారి చిన్ననాటి పిచ్చుకలు ఇప్పటికీ ఆ ఊరి కిరాణా కొట్టు ముందు, రైసు మిల్లు దగ్గర, బస్టాండు రేకుల కింద గోల చేస్తూనే ఉండవచ్చు. వారు చూస్తున్నది మాత్రం పదో అంతస్తు కిటికీలోంచి. ఊళ్లు కూడా మారాయి నిజమే, పెంకుటిళ్లు పోయి స్లాబులు వచ్చాయి. అయినా ఒక చోటు నుంచి ఇంకో చోటికి వచ్చి చేసే పోలికను, ఒకే చోట కాలం తెచ్చిన మార్పుతో కలపకూడదు.

లెక్క ఎలా వేస్తారు?

పక్షులను జనాభా లెక్కల్లా ఒక్కొక్కదాన్నీ లెక్కించడం ఎవరి వల్లా కాదు. అందుకే తెలివైన దారి ఒకటి పట్టారు. ఒక మనిషి ఒక చోట కొంతసేపు నిలబడి, తనకు కనిపించిన, వినిపించిన పక్షులన్నింటినీ రాస్తారు. కాకిని కూడా, పావురాన్ని కూడా. ఏదీ వదలకూడదన్నదే ముఖ్యమైన నియమం. అలా రాసినదాన్ని సంపూర్ణ జాబితా అంటారు. ఇప్పుడు ఒక జిల్లాలో ఒక ఏడాది వంద జాబితాలు వచ్చాయనుకుందాం. వాటిలో ముప్పైయింటిలో పాలపిట్ట ఉంది. పదేళ్ల తర్వాత అదే జిల్లాలో, అదే రుతువులో వెయ్యి జాబితాలు వచ్చి, రెండు వందలింటిలోనే పాలపిట్ట ఉంటే? చూసినవారి సంఖ్య పెరిగింది, మొత్తం మీద కనబడిన పాలపిట్టలూ పెరిగాయి. అయినా వందకు ముప్పై ఉన్నది ఇరవైకి దిగింది. ఈ వాటాయే అసలు కొలత. ‘మా వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య రోజూ ఎవరో ఒకరు పాలపిట్ట ఫొటో పెడుతున్నారు, కాబట్టి పెరిగినట్టే’ అనే వాదన ఎందుకు నిలవదో దీన్నిబట్టి అర్థమవుతుంది. కెమెరాలు పెరిగాయి, అంతే.

ఈ పద్ధతిలో కనబడకపోవడం కూడా సమాచారమే. పక్షులన్నీ రాసిన జాబితాలో పిచ్చుక లేదంటే, చూసిన ఆ కాసేపట్లో ఆ చోట పిచ్చుక కనిపించలేదని నికరంగా తెలుస్తుంది. నచ్చిన పక్షి కనిపించినప్పుడే రాసే డైరీలో ఆ బలం ఉండదు. అరుదైనవాటి వెంట పరిగెత్తేవారు కాకి, గోరింకలను రాయడం మానేస్తారు. రేపు కాకి తగ్గడం మొదలైతే దానికి సాక్ష్యం ఎక్కడి నుంచి వస్తుంది? రాబందుల విషయంలో సరిగ్గా అదే జరిగింది. 1980లలో అవి ఎంత మామూలు పక్షులంటే, వాటిని లెక్కపెట్టాలన్న ఆలోచనే చాలా తక్కువ మందికి వచ్చింది.

చూసేవారి నేర్పూ లెక్కను మారుస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవారి జాబితా రెండో ఏడాదికి పొడుగవుతుంది. పెరట్లో దర్జీపిట్ట మొదటి రోజు నుంచీ అరుస్తూనే ఉంటుంది. ఆ గడుసు గొంతు అంత చిన్న పిట్టదని తెలియడానికి కొంత కాలం పడుతుంది. అందుకే ఒకరిద్దరి అనుభవం నుంచి కాక, వేలమంది జాబితాల నుంచి, ఎంతసేపు చూశారో ఎన్ని పక్షి జాతులు పట్టుకోగలిగారో లెక్కలోకి తీసుకుని ధోరణిని తేలుస్తారు.

జ్ఞాపకం సరిపోదు

‘మా చిన్నప్పుడు ఎన్ని ఉండేవో’ అన్నది అబద్ధం కాదు, కానీ అది కొలత కాదు. ఈ చిక్కును సముద్ర చేపల నిపుణుడు డేనియల్ పాలీ 1995లో ఒక చిన్న వ్యాసంలో వివరించారు. ప్రతి తరమూ తాను వృత్తిలోకి వచ్చిన నాటి సముద్రాన్నే సహజ స్థితి అనుకుంటుంది. అంతకు ముందే ఎంత పోయిందో దానికి తెలియదు. తర్వాతి తరం ఇంకా తగ్గిన స్థితినే మామూలు అనుకుంటుంది. పెరటి విషయంలోనూ ఇంతే. పట్నంలో పుట్టిన పదేళ్ల పిల్లకు పావురాలూ కాకులూ ఉన్న ఆకాశమే నిండైన ఆకాశం. అమ్మమ్మకు గద్దలు లేని ఆకాశం బోసిగా ఉంటుంది. ఆమెకు ముందు తరానికి రాబందులు తిరగని ఆకాశం ఊహకే అందదు.

ఒకే చోట, ఒకే పద్ధతిలో, చాలా కాలం లెక్కపెడితే ఏం బయటపడుతుందో చెప్పడానికి లండన్‌లోని కెన్సింగ్టన్ గార్డెన్స్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1925లో మాక్స్ నికొల్సన్ అనే యువకుడు ఆ తోటలో పిచ్చుకలను లెక్కించారు. 2,603 ఉన్నాయి. 1948లో మళ్లీ లెక్కిస్తే 885. 1975లో 544. 2000లో ఎనిమిది. అంకెలను కాస్త ఆగి చూడండి. మొదటి పెద్ద పతనం 1925కూ 1948కీ మధ్య వచ్చింది. వీధుల్లోంచి గుర్రపు బండ్లు పోయి మోటార్లు వచ్చిన కాలమది. గుర్రాలకు వేసే దాణా గింజలు రోడ్ల మీద రాలడం ఆగిపోయింది. మన ఊళ్లలోనూ జట్కా బండ్లు నిలిచే చోట ఉలవలు, ఎడ్ల బండ్లు సాగే దారిలో వడ్లు రాలేవి. బ్రిటన్‌లో ఏటా జనం తమ పెరటి పక్షులను లెక్కించే కార్యక్రమం 1979 నుంచి నడుస్తోంది. అందులోనూ అప్పటి నుంచి ఇప్పటికి ఒక్కో పెరట్లో కనిపించే పిచ్చుకలు సగానికి పైగా తగ్గాయి.

మనకూ పాత లెక్కలు లేకపోలేదు. 1931-32లో నిజాం ప్రభుత్వ సహాయంతో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఏ జిల్లాలో ఏ పక్షి ఉండేదో అది ఈనాటికీ చెబుతుంది. అయితే ఆ కాలపు సర్వేలు పక్షులను కాల్చి, నమూనాలు సేకరించి చేసినవి. ‘ఈ పక్షి ఇక్కడ ఉందా’ అన్న ప్రశ్నకు వాటిలో సమాధానం దొరుకుతుంది. ‘ఎన్ని ఉన్నాయి’ అన్నదానికి దొరకదు. అలాగే, కనిపించనంత మాత్రాన లేదని తేల్చేయడమూ ప్రమాదమే. కడప అడవుల కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. రాత్రిపూట మాత్రమే తిరిగే పిట్టను పగటిపూట వెతికితే ఎలా కనిపిస్తుంది?

ఒక్క దోషి ఉన్న కథ, లేని కథ

ఇక కారణం సంగతి. ఒకే ఒక్క దోషిని పట్టుకోవాలన్న కోరిక మనకు ఊరికే రాలేదు. ఒకసారి అది నిజమైంది కూడా. రాబందుల సంగతి చూడండి. 1990లలో అవి గుంపులు గుంపులుగా మెడలు వాల్చి చచ్చిపడసాగాయి. ఏదో వైరస్ అనుకున్నారు. 2004లో పాకిస్తాన్‌లో పనిచేసిన పరిశోధకులు అసలు సంగతి కనుక్కున్నారు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు. ఆ మందు వేసిన పశువు చనిపోతే, దాని కళేబరం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. రాబందులు గుంపుగా తింటాయి, నెమ్మదిగా పిల్లలను పెడతాయి. అందుకని వందలో ఒక్క కళేబరంలో మందున్నా జాతి కూలిపోవడానికి చాలు. 1992, 2007 మధ్య తెల్లవీపు రాబందులు మన దేశంలో 99.9 శాతం తగ్గిపోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. మెలాక్సికాం అనే ప్రమాదం లేని మందు ఉంది కూడా. ఊరి బయట పశువును పడేస్తే గంటల్లో ఎముకలు మిగిల్చే ఆ పక్షులు ఇప్పుడు తెలంగాణలో కనబడటమే చాలా అరుదు.

రాబందుల కథలో ఒకే మందు, ఒకే అవయవం, ఒకే నిషేధం. పిచ్చుకలకూ అలాంటి ఒక్క దోషి ఉండాలని జనం వెతికితే, సెల్ టవరు కంటి ఎదుటే నిలబడి ఉంది. కానీ లండన్ తోటలో రెండున్నర వేల పిచ్చుకలు ఐదు వందలకు దిగేసరికి ఆ నగరంలో సెల్‌ఫోన్లు లేవు. మన దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ 1995 జులైలో. టవరు ఉన్న పల్లెల్లో, ఆ టవరు పక్కనే పిచ్చుకలు గూళ్లు పెట్టుకుని పిల్లలను లేపుతున్నాయి. తరంగాల ప్రభావం పక్షుల మీద బొత్తిగా ఉండదని నేను అనను, ఆ పరిశోధన సాగాల్సిందే. పిచ్చుక తగ్గడానికి అదే ముఖ్య కారణమనడానికి మాత్రం ఆధారం లేదు. ఈ ప్రచారం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మన చేతిలో ఉన్న కారణాలను వదిలేసి, మన చేతిలో లేని టవరు వైపు వేలు చూపి ఊరుకుంటాం.

పిచ్చుకకు కావలసినవి మూడు. గూడుకు ఒక సందు, పెద్దవాటికి గింజలు, పిల్లలకు పురుగులు. పెంకులు, వాసాలు, తాటాకు చూర్లు ఉన్న ఇంటి నిండా సందులే. నున్నగా ప్లాస్టరు చేసి, అద్దాలు బిగించిన ఇంట్లో పిడికెడు కంత కూడా ఉండదు. గింజల సంగతికి వస్తే, వాకిట్లో బియ్యం చెరగడం, చేటలోంచి నూకలు చల్లడం, చూరుకు వరికంకుల కుచ్చులు వేలాడదీయడం ఇవన్నీ ఉండేవి. ఇప్పుడు బియ్యం రాళ్లు లేకుండా సంచిలో వస్తుంది, పప్పు ప్యాకెట్లో వస్తుంది. చాలామందికి తెలియనిది మూడోది. పెద్ద పిచ్చుక గింజలతో బతుకుతుంది కానీ, గుడ్డు పగిలి వచ్చిన పిల్ల మొదటి రోజుల్లో మెత్తటి పురుగులు లేకపోతే బతకదు. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో గూళ్లను పరిశీలించినప్పుడు, పురుగులు తక్కువై మొక్కల ఆహారం ఎక్కువైన గూళ్లలో పిల్లలు ఎక్కువగా చనిపోతున్నట్టు తేలింది. అందువల్ల బాల్కనీలో గిన్నెడు బియ్యం పెట్టి పిచ్చుకలను కాపాడామనుకోవడం సగం పనే. ఆ బాల్కనీ కుండీలో గొంగళిపురుగు కనబడగానే మందు కొడితే ఆ సగమూ వృథా.

ఇప్పుడు పావురాన్ని చూడండి, బొమ్మ పూర్తవుతుంది. ఊరి పావురాల పూర్వీకులు కొండ చరియల అంచుల మీద గూళ్లు పెట్టుకునే పక్షులు. బహుళ అంతస్తుల భవనం వాటికి అచ్చమైన కొండ చరియ. ఏసీ పెట్టె మీద, సన్‌షేడ్ మీద, డక్టు లోపల గట్టి అంచులే అంచులు. నాలుగు పుల్లలుంటే గూడు అయిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, పావురం తన పిల్లలకు పురుగులు వెతకదు. ఆడదీ మగదీ రెండూ తమ గొంతు సంచిలో పాల లాంటి చిక్కటి పదార్థం తయారుచేసి పిల్లల నోట్లో పోస్తాయి. గింజలు దొరికితే చాలు, ఏ నెలలోనైనా పిల్లలను పెంచగలవు. కూడళ్లలో పుణ్యమని బస్తాలకొద్దీ జొన్నలు చల్లేవారు ఉండనే ఉన్నారు. పిచ్చుకకు మూసుకుపోయిన మూడు దారులూ పావురానికి తెరుచుకునే ఉన్నాయి. రెండింటి మీదా ఒకే టవరు ఉంది, ఒకటి తగ్గింది, ఒకటి పెరిగింది. పావురాల రెట్టలు, ఈకల ధూళి ఏళ్ల తరబడి పీల్చితే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు. భక్తితో గింజలు చల్లేవారు దయచేసి ఈ సంగతి ఆలోచించాలి.

గూడు ఎక్కడ, పిల్ల తినేది ఏమిటి? ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే పెరట్లో చాలా మార్పులు వాటంతట అవే అర్థమవుతాయి. 2023 నివేదిక చెప్పినదీ ఇదే దిశలో ఉంది. మాంసం తినేవి, పురుగులు తినేవి, గింజలు తినేవి ఎక్కువ వేగంగా తగ్గుతున్నాయి. పండ్లు, తేనె మీద బతికేవి, దొరికిందల్లా తినేవి తట్టుకుంటున్నాయి. పండ్లు తినే కోయిల గత రెండు మూడు దశాబ్దాల్లో 75 శాతం పెరిగింది. అది గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. నగరంలో కాకులకు లోటు లేదు కాబట్టి కోయిలకు పెంపుడు తల్లుల లోటూ లేదు. గోరింక పురుగులు తింటుంది, పండ్లు తింటుంది, హోటలు వెనుక అన్నమూ తింటుంది. ఆ గట్టితనం వల్లే ఆస్ట్రేలియా తీసుకెళ్లి వదిలితే అక్కడి పక్షుల గూళ్లు ఆక్రమించి బెడదగా మారింది. అమెరికాలో ఉన్న మన తెలుగువారు పెరట్లో గింజల డబ్బా వేలాడదీస్తే ముందు వచ్చి వాలేది చాలాసార్లు మన పిచ్చుకే. 1850ల్లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో వదిలిన విదేశీ పక్షి అది. అక్కడి నీలిపిట్టల గూళ్లు లాక్కుంటుందని దాని మీద ఫిర్యాదు. ఇక్కడ దానికోసం దినోత్సవం జరుపుతున్నాం.

పాలపిట్ట మీద చూపు

తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ అదే ఉండేది. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని ఊరి పొలిమేరకు వెళ్లే ఆచారం మనకుంది, ఎంత మంచి ఆచారం! పక్షిని చూడటానికే ఊరంతా కదిలే పండుగ ఇంకెక్కడుంది? అలాంటి పక్షి గత పన్నెండేళ్లలోనే దాదాపు 30 శాతం తగ్గిందని 2023 నివేదిక లెక్కగట్టింది. అంతర్జాతీయంగా ముప్పు స్థాయిని తిరిగి అంచనా వేయాలని సూచించిన 14 జాతుల్లో దాన్నీ చేర్చారు. పిచ్చుక గురించి వచ్చినన్ని కథనాలు మాత్రం దీని గురించి రాలేదు.

దాని బతుకును ఆ రెండు ప్రశ్నలతోనే చూడండి. మోడు బారిన తాటిచెట్టు తొర్రలోనో, పాత చెట్టు కంతలోనో గూడు పెడుతుంది. ఎండిన చెట్టు మనకు కట్టెగా, కొత్త వెంచరుకు అడ్డంగా కనిపిస్తుంది. తీగ మీద, కొమ్మ చివర కదలకుండా కూర్చుని, నేల మీద మిడతో పేడపురుగో తొండో కదిలితే దూకుతుంది. అంటే దానికి విశాలమైన బీడు, పచ్చికబయలు, మందులు తక్కువగా పడే మెట్ట పొలం ఉండాలి. బీడు భూమిని మనం ‘ఖాళీ స్థలం’ అంటాం. కాగితాల్లో దానికి విలువ లేదు కాబట్టి ప్లాట్లు పడేది అక్కడే, మొక్కల పెంపకం పేరుతో వరసలు నాటేదీ అక్కడే. చెట్లు నాటడం ఎప్పుడూ మంచిదే అనుకునేవారికి ఈ మాట కటువుగా ఉండవచ్చు. కానీ బీడులో దట్టంగా చెట్లు నాటితే పాలపిట్ట, ముళ్లపొదల దగ్గర తిరిగే కౌజు, నేల మీద గుడ్లు పెట్టే చితకపిట్టలు చోటు కోల్పోతాయి. దేశంలో పచ్చికబయళ్లను నమ్ముకున్న పక్షులు బాగా తగ్గినవాటిలో ఉన్నాయి. ఇది చాలదన్నట్టు, దసరా రోజుల్లో పాలపిట్టలను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బుకు చూపిస్తున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పంజరంలోని పిట్టను చూడటానికి డబ్బిచ్చే ప్రతి ఒక్కరూ వచ్చే ఏడాది ఇంకో పిట్టను పట్టడానికి పెట్టుబడి పెడుతున్నట్టే.

పంటల మార్పూ పక్షుల పటాన్ని తిరగరాసింది. జొన్న చేలు విస్తారంగా ఉన్న రోజుల్లో మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టలను తోలడం ఊరి పిల్లలకు పని. చలికాలం మధ్య ఆసియా నుంచి వచ్చే గులాబీ గోరింకలు మబ్బుల్లా దిగేది ఆ చేల మీదే. జొన్న తగ్గి పత్తి, మొక్కజొన్న, వరి పెరిగాయి. దిగుడు బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకు గిజిగాడి గూళ్లు వేలాడేవి. బోర్లు వచ్చి బావులు పూడ్చాక ఆ కొమ్మలూ పోయాయి. మరోవైపు నెమళ్లు పెరిగాయి. రెండు దశాబ్దాల్లో 150 శాతానికి పైగా పెరిగాయని అదే నివేదిక అంచనా. 1963 నుంచి జాతీయ పక్షిగా గట్టి రక్షణ, వేటాడే జంతువులు తగ్గడం, ఎండాకాలంలోనూ పొలాల్లో నీళ్లు, పంట దొరకడం కలిసివచ్చాయి. విత్తనం వేసిన రోజే గింజలు ఏరుకుపోతున్నాయని రైతులు మొత్తుకుంటున్నారు. వారి నష్టాన్ని ‘అందమైన పక్షి కదా’ అని కొట్టిపారేయడం న్యాయం కాదు. కోతుల సంగతీ ఇలాంటిదే. ఉత్తరాది రీసస్ కోతులు గోదావరి దాటి దక్షిణానికి వ్యాపిస్తూ, ఇక్కడి బోనెట్ కోతులను పక్కకు నెడుతున్నాయని పరిశోధకులు నమోదు చేశారు. ఇంటి పెంకుల మీద కోతుల మంద తిరిగే ఊళ్లో పిట్టల గూళ్లు ఎంత నిలుస్తాయో చెప్పనక్కరలేదు.

మీ పెరట్లో మీరు చేయగలిగిన లెక్క

ఇంట్లోంచి చూసేవారు ముందు రుతువులను గుర్తుపెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ అక్టోబరు చుట్టూ రంగురంగుల పొన్నంగిపిట్ట నగరం నడిబొడ్డున తోటలో దిగి, ఒకటి రెండు రోజులు ఆకుల కింద పురుగులు ఏరుకుని వెళ్లిపోతుంది. అది మన పెరడు బాగుపడిందనడానికి గుర్తు కాదు, దాని ప్రయాణంలో మజిలీ. అలాగే వానాకాలంలో కనబడని చలికాలపు పిట్ట అంతరించలేదు, తన దేశంలో ఉంది. అందుకని ఈ జనవరిని పోయిన జనవరితోనే పోల్చాలి, జులైతో కాదు.

పద్ధతి తేలిక. ఒకే చోట కూర్చోండి, ఒకే వేళకు, పదిహేను నిమిషాలు. కనిపించిన ప్రతి జాతినీ రాయండి. ఒకే పికిలిపిట్ట పదిసార్లు వచ్చిపోతే పది అని రాయకండి. ఒక్కసారిగా కంటికి కనబడిన వాటిలో అత్యధిక సంఖ్యను రాస్తే రెండుసార్లు లెక్కపెట్టే తప్పు జరగదు. తెలియని పిట్టను ఊహించి పేరు పెట్టవద్దు, తెలియదనే రాయండి. వీధిలో జరిగిన మార్పులు కూడా పక్కన రాసి పెట్టండి. పక్క స్థలంలో వేపచెట్టు కొట్టేశారు, మురుగు కాలువ మూసేశారు, దోమల పొగ వదిలారు, కొత్త దీపాలు వేశారు. ఐదేళ్ల తర్వాత అంకె పడిపోయిన నెల పక్కన ఆ వాక్యం ఉంటే, కారణం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. నోటుపుస్తకంలో రాసినా మంచిదే. ఈబర్డ్ అనే యాప్‌లో రాస్తే ఆ జాబితా దేశం లెక్కలోనూ చేరుతుంది. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో మన దేశం 2013 నుంచీ పాల్గొంటోంది. మొదలుపెట్టడానికి అది మంచి అదను.

పిచ్చుకకు గూడుపెట్టె కొనేవారు కంత కొలత చూసుకోవాలి. 32 మిల్లీమీటర్లుంటే పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. ఎండ నేరుగా పడని గోడకు, పిల్లి ఎక్కలేని ఎత్తులో బిగించాలి. కుండీల్లో మందు కొట్టడం మానాలి. పెరట్లో ఒక మూల గడ్డి, ఎండుటాకులు అలాగే వదిలేయాలి, పురుగులు పుట్టేది అక్కడే. చెట్టు నాటే చోటుంటే వేప, కానుగ, మేడి, నేరేడు నాటండి. త్వరగా పచ్చబడుతుందని రోడ్ల పక్కన నాటిన కోనోకార్పస్ లాంటి పరదేశీ చెట్టు కంటే ఇవి పిట్టలకు ఎన్నో రెట్లు మేలు. మేడిచెట్టు ఒక్కటి పండిందంటే గోరింకలు, కోయిలలు, పికిలిపిట్టలు, రాత్రికి గబ్బిలాలు అన్నీ దానిమీదే.

ఇప్పటి లెక్కల్లో పెద్ద లోటు ఒకటుంది. మన రెండు రాష్ట్రాల నుంచి వెళ్లే జాబితాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి లాంటి నగరాల చుట్టుపక్కల నుంచి, పేరున్న చెరువుల నుంచి, చలికాలపు ఆదివారం ఉదయాల నుంచి వస్తున్నాయి. ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట ఊరి పెరడు నుంచి, నారాయణపేటలో ఒక బడి ఆవరణ నుంచి, జూన్ నెల మామూలు మంగళవారం నాడు ఎవరైనా రాసిన జాబితా చాలా అరుదు. పాలపిట్ట ఏ జిల్లాలో నిలదొక్కుకుంది, ఏ జిల్లాలో జారిపోతోంది అని విడివిడిగా చెప్పాలంటే కావలసినవి సరిగ్గా ఆ జాబితాలే. కాకి మూడు, గోరింక ఐదు, పిచ్చుక లేదు, పాలపిట్ట ఒకటి, కరెంటు తీగ మీద. అంత చాలు.